ఫింగర్‌స్టైల్ గిటార్ వింటున్నప్పుడు అసలు ఏం వినాలి?

ఎంవీపీ_ఆరుతీగలు
మొన్న ఆదివారం సాయంత్రం వైజాగ్ సిరిపురం దగ్గర ఒక కేఫ్‌లో ఒకబ్బాయి అకౌస్టిక్ గిటార్ ఫింగర్‌స్టైల్‌లో, అంటే తీగల్ని వేళ్ళతోనే మీటుతూ వాయించాడు. పాడేవాళ్ళు లేరు, కహోన్ (కూర్చుని వాయించే పెట్టె డ్రమ్ము) లేదు, వెనక రికార్డెడ్ ట్రాక్ లేదు, ఒక్కడే కూర్చుని బేసు, కార్డ్స్ (కలిపి మోగే స్వరాలు), ట్యూన్ మూడూ ఆ ఒక్క గిటార్ మీదే. ముందు ఒక నెమ్మది పీస్ ఎత్తుకున్నాడు. సన్న తీగల మీద ట్యూన్ ఎక్కడా తెగట్లేదు, కింద బేసు ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ కాలేదు, నాకైతే ఒళ్ళు జలదరించింది. హాల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, పక్క టేబుల్ పెద్దాయన "పాట ఎప్పుడు మొదలెడతావు బాబూ" అని అడిగాడు కూడా. తర్వాత పీస్‌లో గిటార్ డొక్క మీద టకటకమని కొట్టేసరికి ఈలలు, చప్పట్లు, అందరి ఫోన్లూ పైకి లేచాయి.

నాతో వచ్చిన ఫ్రెండ్ కూడా "రెండోదే కష్టం కదరా" అన్నాడు. కాదని తెలుసు, ఎందుకు కాదో చెప్పబోతే మాటలు దొరకలేదు. వాయించడం రాని మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని ఇది విను, అది విను అని చెప్పాలంటే మీరైతే ఏం చెప్తారు?

గాజువాక_గిటారోడు
డొక్క మీద కొడితే తప్పేటి అన్నా. అమెరికా గిటారిస్ట్ ఆండీ మెక్కీ డొక్క మీద కొడుతూ వాయించిన వీడియో 2006లో యూట్యూబ్‌లో అంతలా తిరిగింది కాబట్టే గిటార్ ఇలగ కూడా వాయించొచ్చని నాలాంటోళ్ళు చాలామందికి తెలిసింది. జనం చప్పట్లు కొట్టారంటే వాళ్ళకేదో అందినట్టే కదా.

ఎంవీపీ_ఆరుతీగలు
తప్పని నేను అన్లేదు తమ్ముడూ. మొదటిదానికి ఎందుకు కొట్టలేదన్నదే నా బాధ.

పాతపోస్టాఫీస్_బేస్
బొటనవేలు వినమనండి. మిగతావన్నీ తర్వాత.

చర్చిలో క్వైర్ వెనకాల చాలా ఏళ్ళుగా వాయిస్తున్నాను, నా దగ్గరికి నేర్చుకోడానికొచ్చే పిల్లలందరికీ మొదట్లో ఇదే పాఠం. సి కార్డ్ పట్టుకుని అయిదో తీగ, నాలుగో తీగ, ఆరో తీగ, మళ్ళీ నాలుగో తీగ, బొటనవేలు ఒక్కటే ఆగకుండా నడవాలి. అది నడుస్తుండగా పక్కవాళ్ళతో కబుర్లు చెప్పగలగాలి, అంటే ఆ వేలికి మన ధ్యాస అక్కర్లేకుండా పోవాలన్నమాట. అప్పుడే పైన ట్యూన్ వేయనిస్తాను. అసలు కష్టం అక్కడ మొదలవుతుంది. ట్యూన్ ఒకచోట బీటు మీద పడుతుంది, ఒకచోట కాస్త ముందు, ఇంకోచోట రెండు బీట్ల నడుమ, అది జరిగినప్పుడల్లా కొత్తవాళ్ళ బొటనవేలు కూడా దాంతోపాటే జరిగిపోతుంది. జరక్కుండా నిలబెట్టడానికి ఏళ్ళు పడుతుంది. బేసు ఒక్క దెబ్బ కూడా అటూ ఇటూ కాలేదని రాశారు చూడండి, అది చాలు నాకు, ఆ కుర్రాడు ఎంత కూర్చున్నాడో తెలిసిపోయింది.

దీన్ని ట్రావిస్ పికింగ్ అంటారు, కెంటకీ ఆయన మెర్ల్ ట్రావిస్ పేరు మీద. ఆయన వాడింది బొటనవేలూ చూపుడువేలూ అంతే. తర్వాత పెద్ద గిటారిస్ట్ అయిన చెట్ అట్కిన్స్ చిన్నప్పుడు ఆయన్ని రేడియోలో విన్నాడు. చూసే వీల్లేదు కదా, అంత సంగీతం ఒక్క వేలితో రాదనుకుని బొటనవేలికి ఇంకో మూడు వేళ్ళు కలిపి తన పద్ధతి తాను తయారుచేసుకున్నాడు. ఇవాళ ప్రపంచంలో చాలామంది వాయించేది ఆ చెవితో పట్టిన పద్ధతే.

ఒట్టి_శ్రోత
నేను ఏ వాయిద్యమూ వాయించను, వింటానంతే. పైన రాసింది చదివి చెట్ అట్కిన్స్‌వి కొన్ని పెట్టుకున్నా. మొదటిసారి మామూలుగానే ఉంది, హాయిగా ఉంది అంతే. రెండోసారి ట్యూన్ జోలికి పోకుండా కింద డుం చక్ డుం చక్ ఒక్కటే పట్టుకుని కూర్చున్నా. కాసేపటికి ఇద్దరు వాయిస్తున్నారేమో అని డౌటొచ్చింది. నిజంగా ఒక్కరేనా?

పాతపోస్టాఫీస్_బేస్
ఆయన బ్యాండ్‌తో చేసినవి చాలా ఉన్నాయి, సోలోవి ఏరుకుని వినండి. సోలో అయితే ఒక్కరే. ఆ డౌట్ రావడమే మీరు సరిగ్గా విన్నారనడానికి గుర్తు.

సౌండ్‌చెక్_సీతమ్మధార
వాయించినవాడి గురించీ విన్నవాళ్ళ గురించీ మాట్లాడుతున్నారు, మధ్యలో సౌండ్ సంగతి ఎవరూ ఎత్తట్లేదేంటి. కేఫుల్లో మామూలుగా జరిగేది చెప్తా. గిటార్ బ్రిడ్జిలో తీగలు ఆనే శాడిల్ పట్టీ కింద పీజో పికప్ (తీగల ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ఉంటుంది, దాన్నుంచి వైరు తిన్నగా మిక్సర్‌కి పెట్టేస్తారు. పీజోకి తీగ గీటుకున్న చప్పుడు బాగా అందుతుంది, పైచెక్కా లోపలి గాలీ కలిసి ఊగే సౌండ్ సరిగ్గా అందదు. నెమ్మది పీస్‌లో ఉన్న తియ్యదనమంతా ఆ రెండోదాన్లోనే ఉంది. డొక్క మీద దెబ్బ మాత్రం ఏ పికప్‌లోంచైనా ధనామని వస్తుంది. మరి వాళ్ళకి చేరినదానికే వాళ్ళు చప్పట్లు కొట్టారు, జనాన్ని ఏమనగలం.

ఆర్కే బీచ్‌లోనో తెన్నేటి పార్కులోనో మైకు లేకుండా వాయిస్తే ఇంకా అన్యాయం. ఆరుబయట సౌండ్‌ని తిప్పి పంపే గోడ ఉండదు, కెరటాల హోరులో ముందు బేసు మునిగిపోతుంది, ఆ తర్వాత నోట్ల తోకలు పోతాయి. ఫింగర్‌స్టైల్ వినాలంటే చిన్న గది, ఫ్యాన్ ఆపేసి, గిటార్‌కి ఎదురుగా కూర్చుని వినాలి. వైజాగ్ ఎండల్లో ఫ్యాన్ ఆపమంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, అది వేరే సంగతి.

గాజువాక_గిటారోడు
హహ అందుకే మేం రుషికొండలో కూర్చున్నప్పుడు స్ట్రమ్మింగే (అన్ని తీగలూ ఒకేసారి గీకడం) కొడతాం, ప్లకింగ్ (ఒక్కో తీగ మీటడం) చేస్తే పక్కనోడికే వినపడదు

విజయనగరం_వీణ
బొటనవేలి గురించి చదువుతుంటే నా చిటికెనవేలు గుర్తొచ్చింది. వీణకి వాయించే తీగలు నాలుగు, పక్కన తాళం తీగలు మూడు. చూపుడువేలూ మధ్యవేలూ రాగం మీటుతుంటే చిటికెనవేలు పక్క తీగల మీద తాళం చూసుకోవాలి. నేర్చుకునే రోజుల్లో టీచర్‌గారి చీవాట్లలో సగం ఆ వేలికే పడేవి. కాబట్టి ఒక చేతిలో రెండు పనులంటే ఏంటో నాకు తెలుసు.

అయినా ఒక మాట అంటాను, ఏమీ అనుకోకండి. గిటార్ మీద మీటిన స్వరం మీటినచోటే ఉండి ఆరిపోతుంది. వీణలో ఒక్కసారి మీటి, తీగ లాగి, అదే మీటు మీద రెండు మూడు స్వరాలు పలికిస్తాం. చిట్టిబాబు గారి వీణ విన్న చెవికి గిటార్‌లో ఆ ప్రాణం ఎక్కడ దొరుకుతుందండీ?

గాజువాక_గిటారోడు
మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ గారు వెస్టర్న్ వాయిద్యం మీదే కదా మేడమ్ కర్ణాటక కచేరీలు చేసింది

విజయనగరం_వీణ
ఆయనది ఎలక్ట్రిక్ మాండొలిన్ బాబూ. ఆంప్లిఫయర్ ఉంది కాబట్టి స్వరం ఆరకుండా నిలబడేది, గమకానికి చోటు దొరికేది. ఇక్కడ మాట్లాడుతున్నది అకౌస్టిక్ గురించి కదా.

తీగలడాక్టర్
వీణ మేడమ్ చెప్పింది నిజమే, కాకపోతే కారణం చేతిలో లేదు, వాయిద్యంలో ఉంది. గిటార్లు రిపేర్ చేస్తాను, బొబ్బిలి వీణలు కూడా దగ్గరగా చూశాను. వీణకి మెట్లు మైనంలో ఎత్తుగా కూర్చోబెడతారు, తీగని మెట్టు మీద పక్కకి లాగడానికి కావల్సినంత చోటు. అకౌస్టిక్ గిటార్‌కి ఫ్రెట్లు పొట్టి, తీగలు బిగువు, మామూలుగా వేసే లైట్ సెట్‌లో పన్నెండు నుంచి యాభైమూడు గేజ్ (తీగ మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో), మూడో తీగ నుంచి ఆరో తీగ దాకా అన్నిటికీ రాగి రంగు చుట్ట ఉంటుంది. ఒక స్వరం లాగొచ్చు, అంతకుమించి లాగితే వేలు తెగుతుంది.

కానీ దానికి బదులు గిటార్‌కి ఇంకోటి ఉంది. ఒక స్వరం ఆరేలోపు నాలుగు స్వరాలు కింద మోగుతూ ఉండొచ్చు. శృతి కూడా మార్చుకోవచ్చు. ఆరు, రెండు, ఒకటి తీగల్ని ఒక్కో టోన్ కిందికి దింపితే డి ఏ డి జి ఏ డి వస్తుంది, డాడ్‌గాడ్ అంటారు. మన లెక్కలో చెప్పాలంటే స ప స మ ప స. ఇంగ్లండ్‌లో డేవీ గ్రాహం దాన్ని వాడుకలోకి తెచ్చాడు, ఫ్రాన్స్‌లో ఉండే పియర్ బెన్సుసన్ అయితే ఎన్నో ఏళ్ళుగా ఆ శృతిలోనే వాయిస్తున్నాడు. మేడమ్, ఆయన్ని ఒకసారి వినండి.

విజయనగరం_వీణ
స ప స మ ప స! అలా చెప్తే వెంటనే అర్థమైంది. బెన్సుసన్‌ని రాత్రి విన్నాను. కింద షడ్జమం పంచమం తంబూరాలా మోగుతూనే ఉన్నాయి, పైన ఆయన తిరుగుతున్నారు. తీగని కొద్దిగానే కదుపుతారు కానీ ఎక్కడ కదపాలో అక్కడే కదుపుతారు. గమకం విషయంలో నా మాట నాదే, అయితే ఈయన్ని మళ్ళీ వింటాను.

ఎంవీపీ_ఆరుతీగలు
బొటనవేలు అయ్యాక రెండో మెట్టు నాకు ఇప్పుడు తడుతోంది, ట్యూన్ బయటికి రావడం. కార్డ్‌లో నాలుగు తీగలు ఒకేసారి మీటినా ఉంగరపువేలు మీటిన తీగ ఒక్కటే ముందుకు రావాలి, మిగతా మూడూ వెనక నిలబడాలి. అన్ని వేళ్ళూ ఒకే బలంతో మీటితే గిటార్ మోగుతుంది గానీ ట్యూన్ వినపడదు. క్లాసికల్ వాళ్ళు దీనికోసం రెస్ట్ స్ట్రోక్ వాడతారు, మీటిన వేలు వెళ్ళి పై తీగ మీద ఆనుతుంది, ఆ స్వరం నిండుగా వస్తుంది. స్పెయిన్ ఆయన టారెగా రాసిన ట్రెమొలో పీసుల్లో అయితే బొటనవేలు బేసు నడుపుతుంటే ఉంగరపువేలు, మధ్యవేలు, చూపుడువేలు వరసగా ఒకే తీగ మీద పడుతూ ఉంటాయి, వినేవాళ్ళకి అది తెగని ఒక్క స్వరం. మూడు వేళ్ళలో ఒకటి కాస్త గట్టిగా పడినా గుర్రం కుంటినట్టు వినపడిపోతుంది.

పాతపోస్టాఫీస్_బేస్
అదీ మాట. ట్రెమొలో ఎవరు వాయించినా నేను ముందు ఆ కుంటుడు ఉందా లేదా చూస్తాను.

గాజువాక_గిటారోడు
సరే ఇప్పుడు నన్ను కూడా కాస్త చెప్పనీండి ఎందుకంటే పర్కసివ్ (గిటార్‌ని డ్రమ్ములా కొడుతూ వాయించడం) అంటే ఊరికే కొట్టడం అన్నట్టు ఉంది ఇక్కడ అందరికీ. అమెరికా గిటారిస్ట్ మైకేల్ హెడ్జెస్‌ని వినండి, 1984లో వచ్చిన ఏరియల్ బౌండరీస్. ఎడమచేయి వేళ్ళు ఫ్రెట్ల మీద కొట్టి సొంతంగా స్వరాలు పలికిస్తుంటాయి, కుడిచేయి ఇంకో పని చేస్తుంటుంది, మొదటిసారి విన్నప్పుడు ఇది గిటారేనా అనిపిస్తది. అయితే నేను చెప్పాలనుకున్నది అది కాదు. ఆయన ఏ స్వరం ఎక్కడ మొదలవ్వాలో ఎంత చూసుకున్నాడో ఎక్కడ ఆగాలో కూడా అంతే చూసుకున్నాడు. అక్కర్లేని తీగని వెంటనే ఏదో ఒక వేలితో నొక్కేసి ఆపేస్తాడు. నేను ఆ పీస్ నేర్చుకోడానికి కూర్చుంటే వాయించడం కంటే ఆపడమే ఎక్కువ పని అయింది. మా బ్యాచ్‌లో ఒకడు ఎంత స్పీడో, కానీ ఆడి గిటార్ ఎప్పుడూ ఒకటే మోత, పాత కార్డ్ బేసు కొత్త కార్డ్‌లోకి కారిపోతూనే ఉంటది. స్లాప్ కూడా అంతే, బొటనవేలితో తీగల మీద కొట్టే ఆ దెబ్బ ముందు మోగుతున్నవాటిని ఆపడానికి కూడా పనికొస్తది. కొట్టినోళ్ళందరూ ఒకటే కాదు.

ఎంవీపీ_ఆరుతీగలు
ఇది నాకు చాలా పనికొచ్చే మాట. ఎక్కడ ఆగిందో వినమని చెప్పడం నాకు తట్టనే లేదు. కేఫ్‌లో ఆ అబ్బాయి నెమ్మది పీస్‌లో కార్డ్ మారే ముందు చిన్న ఖాళీ వదిలేవాడు, అక్కడే ట్యూన్ ఊపిరి పీల్చుకునేది.

సౌండ్‌చెక్_సీతమ్మధార
గాజువాక తమ్ముడి పోస్టుకి వంద లైకులు కొట్టాలనుంది, ఇక్కడ ఒకటే కొట్టనిస్తున్నారు.

పాతపోస్టాఫీస్_బేస్
హెడ్జెస్ మీద నాకు పేచీ లేదు. 1997లో రోడ్డు ప్రమాదంలో పోయాడు, ఇంకా ఎంత వాయించాల్సిన మనిషి. నా పేచీ అంతా ఆయన చేతులు చూసి నేర్చుకుని ఆయన చెవి వదిలేసినవాళ్ళతోనే.

స్పీడే గొప్ప అనుకునేవాళ్ళకి నేను ఎలిజబెత్ కాటెన్‌ని వినిపిస్తాను. నార్త్ కెరొలైనాలో పుట్టిన నల్లజాతి ఆవిడ, 1893లో. ఎడమచేతివాటం. కుడిచేతివాళ్ళ గిటార్‌నే తీగలు మార్చకుండా తలకిందులుగా పట్టుకునేది. అంటే సన్న తీగలు పైన, లావు తీగలు కింద. బేసు వేళ్ళతో, ట్యూన్ బొటనవేలితో, అందరికీ పూర్తిగా తిరగేసి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే పాటలు కట్టింది, తర్వాత పెళ్ళి, పిల్లలు, పని, గిటార్ చాలా ఏళ్ళు మూలన పడింది. పెద్దయ్యాక సీగర్ అనే కుటుంబం ఇంట్లో ఇంటిపని చేస్తుంటే, వాళ్ళు సంగీతం వాళ్ళు కావడంతో మళ్ళీ గిటార్ పట్టుకుంది. మొదటి ఆల్బమ్ 1958లో, అప్పటికి అరవై దాటాయి. తొంభై దాటాక గ్రామీ వచ్చింది. వాయించేది చాలా తేలిగ్గా వినిపిస్తుంది, ఎక్కడా హడావుడి లేదు. ఆ తేలిక కోసమే నేను ఇప్పటికీ కూర్చుంటున్నాను.

ఒట్టి_శ్రోత
కాటెన్ విన్నా. వీడియో కూడా ఉంది, పెద్దావిడ ఒళ్ళో గిటార్ పెట్టుకుని అసలు ఏమీ చెయ్యనట్టే కూర్చుంది, చేతులు మాత్రం కదుల్తున్నాయి. ముందు బేసు విన్నా, తర్వాత ట్యూన్, తర్వాత గాజువాక ఆయన చెప్పినట్టు స్వరాలు ఎక్కడ ఆగుతున్నాయో. ఒక్క పాటని ఇన్ని రకాలుగా వినొచ్చని నాకు ఎవరూ ఇంతవరకు చెప్పలేదండీ. మా ఆవిడ వచ్చి అదే పాట ఎన్నిసార్లు పెడతారు అనేదాకా విన్నా.

మధురవాడ_అమ్మ
రెండ్రోజులుగా ఈ చర్చ చదువుతున్నాను, మా అమ్మాయి కోసం అడుగుతున్నా. ఏడో క్లాసు, ఫింగర్‌స్టైల్ నేర్చుకుంటోంది. స్కూల్ యాన్యువల్ డేకి ఒక నెమ్మది పీస్ వాయిస్తానంటోంది, ఇంట్లో వాయిస్తుంటే నేను వంటింట్లో పని ఆపి నిలబడిపోతాను, అంత బాగుంటుంది. స్కూల్‌లో ఏమో ఏదైనా ఫాస్ట్‌గా, మధ్యలో గిటార్ మీద కొట్టేది వాయించమంటున్నారు, లేకపోతే పిల్లలు వినరట. పిల్ల డల్ అయిపోయింది. ఏం చెప్పమంటారు? ఇంకోటి, వేళ్ళు బాగా నొప్పెడుతున్నాయంటోంది, అది మామూలేనా?

పాతపోస్టాఫీస్_బేస్
అమ్మా, పాపకి ఏది ఇష్టమైతే అదే వాయించనివ్వండి. ఇష్టం లేని పీస్‌లో బొటనవేలు నిలబడదు, స్టేజి మీద అస్సలు నిలబడదు.

గాజువాక_గిటారోడు
స్లోదే వాయించమనండి ఆంటీ. కొట్టేవి తర్వాత బోల్డు నేర్చుకోవచ్చు. చిన్నగా ఉండే పీస్ అయితే ఇంకా మంచిది, పిల్లలు కూడా రెండు మూడు నిమిషాలు కూర్చుంటారు.

విజయనగరం_వీణ
పిల్లలు వినరని ముందే ఎందుకనుకోవాలి. మొదలుపెట్టే ముందు పాపనే మైకులో ఒక్క మాట చెప్పమనండి, ఇందులో బేసు నా బొటనవేలు వాయిస్తుంది, ట్యూన్ మిగతా వేళ్ళు వాయిస్తాయి, రెండూ విడివిడిగా వినిపిస్తాయేమో చూడండి అని. పిల్లలకి వెతకడానికి ఒకటి ఇస్తే వెతుకుతారు. మా స్టూడెంట్స్ కచేరీల్లో తాళం తీగల గురించి నేను ఇలాగే చెప్తాను, ముందు వరస పిల్లలంతా చిటికెనవేలినే చూస్తుంటారు.

తీగలడాక్టర్
నొప్పి గురించి. కొత్తలో ఎడమచేతి వేళ్ళ కొసలు నొప్పెట్టడం మామూలే, చర్మం గట్టిపడ్డాక తగ్గుతుంది. మణికట్టులో గానీ ముంజేతిలో గానీ నొప్పి ఉంటే అది మామూలు కాదు, ప్రాక్టీస్ ఆపించి కూర్చునే పద్ధతి టీచర్‌కి చూపించండి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించండి. తీగలు పది నుంచి నలభైఏడు గేజ్ ఎక్స్‌ట్రా లైట్ వేయించండి, యాక్షన్ (తీగలకీ ఫ్రెట్లకీ మధ్య ఎత్తు) కూడా చూపించండి. మన ఊళ్ళో సముద్రపు తేమకి చెక్క ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, పిల్ల బలం చాలట్లేదని అందరూ అనుకుంటారు, తీరా చూస్తే తప్పు గిటార్‌ది. వాయించనప్పుడు కేస్‌లో పెట్టి సిలికా జెల్ పొట్లాలు వెయ్యండి, లోపల తేమ నలభైఅయిదు నుంచి యాభైఅయిదు శాతం మధ్య ఉంటే చెక్కకి మంచిది. ఉప్పుగాలికి తీగలు తుప్పు పడితే గరుకుదనం వేళ్ళని కోస్తుంది, కోటెడ్ తీగలు ఖరీదైనా ఎక్కువ రోజులు నునుపుగా ఉంటాయి.

మధురవాడ_అమ్మ
వేళ్ళ కొసలేనండీ, మణికట్టు బాగానే ఉంది. తీగలు మార్పిస్తాను. వీణ మేడమ్ చెప్పినట్టు ఆ మాట మైకులో చెప్తావా అంటే మొహం వెలిగిపోయింది. ఇప్పటినుంచే అద్దం ముందు చెప్పుకుంటోంది.

సౌండ్‌చెక్_సీతమ్మధార
మైకు అన్నారు కాబట్టి అసలు పని చెప్తా, ఇది రాసుకోండి. పికప్ ఉంటే పక్కన పెట్టేయమనండి, లేదా చాలా తక్కువ ఉంచమనండి. మైకు స్టాండ్ మీద పెట్టి, పన్నెండో ఫ్రెట్ వైపు చూసేలా, ఒక జానెడు దూరంలో. సౌండ్‌హోల్‌కి ఎదురుగా పెట్టనివ్వద్దు, గుంయ్‌మని బేసు ఒక్కటే వస్తుంది, అప్పుడు ఆపరేటర్ బేసు కోసేస్తాడు, దాంతో పాప బొటనవేలు పడ్డ కష్టమంతా పోతుంది. మైకు గిటార్‌కి దగ్గరగా ఉంటుంది కాబట్టి వాయించేటప్పుడు కదలకుండా కూర్చోవాలి, చేతులు లేని కుర్చీ అడగండి. స్టేజి మీద ఫ్యాన్ గాలి మైకుకి తగలకుండా చూసుకోండి. ముందురోజు హాల్లో ఒక్కసారి వాయించి చూపిస్తే సరిపోతుంది, మీరు వెనక వరసలో నిలబడి బేసూ ట్యూనూ రెండూ వినపడుతున్నాయో లేదో చెప్పండి.

మధురవాడ_అమ్మ
ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నాను ఇదంతా. హాల్ ముందురోజు ఇస్తారేమో సోమవారం వెళ్ళి అడుగుతాను.